ఇరుకు చోట గంభీరధ్వని



కర్నూలు నుండి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరునకు పోవు దారిలో మా గోనెగండ్ల కలదు. చేరువనే హంద్రీనదిపై గాజులదిన్నె జలాశయము. ముందునకు పోయినచో మగ్గముల ఊరు ఎమ్మిగనూరు. ఆపైన పత్తి బజారునకు పేరుపడిన ఆదోని. ఈ ఊళ్ళ నడుమ తిరుగు చిన్నకారు ఒకటి మా యింట నున్నది. ఉల్లిగడ్డల కాలమున దాని డిక్కీలో బస్తాలుండును. నెలకొకమారు మా తల్లిగారిని కర్నూలు ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు ఆమె మడత చక్రాల కుర్చీ ఉండును. అడుగున స్టెప్నీ ఎప్పుడును ఉండును. ఇన్నిటి నడుమ ఒక మూలను పాత సబ్‌వూఫరు పెట్టె, దాని ప్రక్కన పాత ఆంప్లిఫయరు ఇరికియుండెడివి.

గడచిన వేసవిలో ఆ సబ్‌వూఫరు గొంతు చెడినది. కొంచెము గట్టిగా పాడించినచో చిరిగిన డప్పువలె గరగరలాడసాగెను. మా మేనల్లుడు పట్టణమునకు పోయి విచారించి వచ్చెను. ఒక అంగడివారు 12 అంగుళముల సబ్‌వూఫరును, పైన 2000 వాట్లని అచ్చువేసిన ఆంప్లిఫయరును చూపి, పాతవి తీసివేసి వీనిని పెట్టించుకొమ్మనిరట. ఆ పెట్టె కొలతలు తెప్పించి, డిక్కీలో టేపు పట్టి చూచితిమి. పెట్టె పట్టును, చక్రాల కుర్చీ పట్టదు. మా తల్లిగారు వాకిట కూర్చుండి ఇదంతయు చూచి, "బండిలో నేను కూసునేదా, ఈ పెట్టె కూసునేదా?" అని ఒక్క మాట అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము తెలిసికొనిన సంగతులే నేటి ప్రసంగము.

ముందుగా సబ్‌వూఫరు చేయు పని ఏమియో చూతము. మంద్రస్థాయి ధ్వనులకు మాత్రమే నియోగింపబడిన స్పీకరు అది. సెకనుకు 20 మొదలు సుమారు 80 కంపనముల వరకు గల ధ్వనులు దాని పాలు. పెద్దడోలు మీది దెబ్బ, సినిమాపాటలో బేస్ గిటారు అడుగుస్వరములు ఈ కోవలోనివి. ఇట్టి ధ్వనులు పుట్టవలెనన్న గాలిని విస్తారముగా కదలింపవలెను. బిగ్గరతనము మారకుండ కంపనముల సంఖ్య సగమునకు తగ్గినచో, స్పీకరులోని శంకువు ముందు వెనుకలకు నాలుగింతలు కదలవలసి వచ్చును. సన్నని స్వరము చిన్న స్పీకరు నుండియు సులభముగా వచ్చుటకును, గంభీరస్వరము రాకపోవుటకును కారణమిదియే.

మరియొక చిక్కు కలదు. శంకువు ముందునకు వచ్చినపుడు ముందరి గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండు అలలును కలిసికొన్నచో ఒకదానినొకటి చెరిపివేయును. అందుచేతనే స్పీకరునకు పెట్టె అవసరమైనది. ముందు వెనుకల గాలిని వేరుచేయుటయే ఆ పెట్టె మొదటి పని. నేటి స్పీకరులకు మూలమైన నమూనాను అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో వెల్లడించిరి. పూర్వము మన యిండ్లలో బల్లమీద కొలువుండిన వాల్వుల రేడియోలను తలచుకొనుడు. వార్తలు చదువువారి కంఠము వానిలో అంత నిండుగా వినిపించుటకు ఆ పెద్ద చెక్కపెట్టె ఒక ముఖ్యకారణము.

పెట్టె పెద్దదైనకొలది మేలు. కాని కారులో చోటేది? ఈ ఇబ్బంది నేటిది కాదు. గాల్విన్ సంస్థ మోటరోలా అను పేర కారు రేడియోను 1930లో అమ్మకమునకు తెచ్చిననాటి నుండియు, యంత్రమును ఎచ్చట ఇమిడ్చవలెనన్నది మోటారుకారులో తీరని ప్రశ్నయే. మన దేశమున 4 మీటర్లు మించని పొడవును, పరిమితమైన ఇంజనును గల కార్లకు 2006 నుండి పన్ను తక్కువ. కావున మన గ్రామములలో తిరుగు కార్లు పెక్కు ఆ కొలతలోనివే. వాని డిక్కీలు సామానునకే చాలీచాలనివి.

చిన్న పెట్టెలో నుండి గంభీరధ్వనిని రప్పించు ఉపాయమును ఎడ్గర్ విల్చర్ అను అమెరికను 1954లో కనుగొనెను. అంతకు పూర్వము శంకువును దాని చుట్టునున్న బిగువైన అంచే వెనుకకు లాగెడిది. విల్చర్ ఆ అంచును మెత్తగా చేసి, పెట్టెను గాలి చొరకుండ మూసివేసెను. లోపల బంధింపబడిన గాలియే స్ప్రింగువలె శంకువును యథాస్థానమునకు తెచ్చుచుండెను. గాలి స్ప్రింగు సమముగా పనిచేయును గనుక ధ్వని శుభ్రపడినది; పెట్టెయు చిన్నదైనది.

అయితే ఏ లాభమునకైనను వెల చెల్లింపవలసినదే. ఆ కాలపు ఇంజనీర్లలో ఒకడైన హాఫ్‌మన్ చెప్పిన సూత్రము నేటికిని నిలిచియున్నది. చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వని, ఈ మూడింటిలో రెండు మాత్రమే కోరుకొనవచ్చును; మూడవదానిని వదలుకొనవలెను. లెక్కలో చెప్పవలెనన్న, 80 కంపనములకు బదులు 40 కంపనముల వరకు దిగవలెనని, విద్యుత్తు మాత్రము పెరగరాదని కోరినచో పెట్టె ఎనిమిదింతలు కావలెను. చోటు పెరగదు కావున, మావంటివారు విద్యుత్తునే కొంత పెంచుకొనవలెను. ఆంప్లిఫయరును మార్చుటకు అసలు కారణము ఇది, బడాయి కాదు.

ఇచ్చట కారే మనకు ఒక సాయము చేయును. మూతపడిన కారు లోపలి పొడవు సుమారు రెండున్నర మీటర్లనుకొందము. ధ్వని వేగము సెకనుకు సుమారు 343 మీటర్లు. ధ్వనితరంగములో సగము ఆ రెండున్నర మీటర్లలో ఇమిడినంతవరకు అది తరంగముగానే సంచరించును. సుమారు 69 కంపనములకు దిగువన సగము తరంగము కూడ కారులో పట్టదు. అప్పుడు శంకువు కదలినపుడెల్ల కారులోని గాలియంతయు ఒక్కుమ్మడిగా ఒత్తుకొనుచు సడలుచుండును. అందువలన స్వరము దిగినకొలది కారు తనంతట తాను దానిని హెచ్చించును. మూసిన పెట్టె సబ్‌వూఫరు స్వరము దిగినకొలది తగ్గిపోవును. ఒకటి తగ్గించునది మరియొకటి పూడ్చును. అద్దముల సందులనుండియు తలుపుల రేకులనుండియు కొంత జారిపోవుట నిజమే. అయినను ఇంటి గదిలో పేలవమైన చిన్న పెట్టె కారులో నిండుగా పలుకుటకు ఇదియే రహస్యము. రంధ్రము గల పెట్టె కొంత బిగ్గరగా పాడును గాని, అది చోటెక్కువ తినును. అందుచేత మూసిన పెట్టెనే ఎన్నుకొంటిమి.

చోటు కొరకు మూడు మార్గములు పరిశీలించితిమి. స్టెప్నీ చక్రము నడిబొద్దులో ఇమిడెడి సబ్‌వూఫర్లు కలవు. కాని దారిలో టైరు పంచరైనపుడు వానిని విప్పి ప్రక్కన పెట్టవలెను. ముందు సీటు క్రింద దూర్చెడి పలుచని పెట్టెలు, ఆంప్లిఫయరుతో సహా ఒకటిగా, దొరకును. చోటు అసలే లేనివారికి అవి ఉచితమైనవి, కాని వాని శంకువు సాధారణముగా 8 అంగుళములు మించదు. మూడవది, డిక్కీలో చక్రము గూటికి వెనుకనున్న మూల. ఆ మూలలో 50 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందము గల పెట్టె పెట్టినను, ప్రక్కన చక్రాల కుర్చీ మడిచి నిలుపవచ్చునని తేలినది.

ఇక లెక్క చూడుడు. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. చెక్కతో చేసినపుడు లోపలి కొలతలు 46.4, 26.4, 16.4 సెంటీమీటర్లగును. గుణించినచో 20 లీటర్లు. స్పీకరు ఆక్రమించు ఒకటిన్నర లీటరు తీసివేసినను పదునెనిమిదిన్నర లీటర్లు మిగులును. లోతు తక్కువగా నుండునట్లు తయారుచేసిన 10 అంగుళముల సబ్‌వూఫర్లలో పెక్కింటికి ఈ పరిమాణము సరిపోవును. స్పీకరుతో వచ్చు కాగితములో దానికెన్ని లీటర్లు కావలెనో వ్రాసియుండును. ఆస్ట్రేలియాలో థీల్ 1961లోను, తరువాత 1970 దశకమున స్మాల్ అను నతడును నిర్ణయించిన కొలమానముల వలన ఇట్టి లెక్క ఎల్లరకు సులభమైనది. మొదట పెట్టెకు చోటు కొలిచి, పిమ్మట స్పీకరును కొనవలెను. మేము చూచినంతవరకు జనులు దీనికి తలక్రిందులుగా చేయుచున్నారు.

మా ఊరి వడ్రంగి పెట్టె చేసిపెట్టెను. సందులన్నిటికి జిగురు పూసితిమి. స్పీకరు అంచున రబ్బరు పట్టీ వేసితిమి. లోపల పాలియెస్టరు దూది వదులుగా నింపితిమి. దూది వలన లోపలి గాలి కొంచెము మెత్తబడి, పెట్టె కొంత పెద్దదైనట్లు ప్రవర్తించును. పెట్టెను ఇనుప పట్టీలతో కారు బాడీకి బిగించితిమి. ఇది మరువరాదు. గట్టిగా బ్రేకు వేసినపుడు బిగింపని పెట్టె వెనుక కూర్చున్నవారి తలకు అపాయము.

ఇక ఆంప్లిఫయరు సంగతి. పెట్టెపై అచ్చువేసిన 2000 వాట్లు క్షణకాలపు శిఖరసంఖ్య. నిలకడగా ఇచ్చు శక్తి, అనగా ఆర్.ఎం.ఎస్. అని వ్రాసినది, దానిలో చిన్న భాగము మాత్రమే కావచ్చును. ఆ రెండవ సంఖ్యనే చూడవలెను. మరియు వాట్లు రెండింతలైనచో ధ్వని రెండింతలు కాదు. 300 వాట్లను 600 చేసినచో పెరుగునది 3 డెసిబెల్లు. చెవికి అది స్వల్పమైన తేడాయే. చెవికి రెండింతలు తోచవలెనన్న సుమారు 10 డెసిబెల్లు, అనగా పదింతల విద్యుత్తు కావలెను. 3000 వాట్ల ధ్వనికి కారు బ్యాటరీ నుండి 270 ఆంపియర్లకు పైగా ప్రవహింపవలెను. చిన్నకారు ఆల్టర్నేటరు వంద ఆంపియర్లైనను ఇచ్చుట అరుదు. కావున బలముతో ఈ పని కాదు, కొలతతోనే కావలెను.

మేము 300 వాట్ల డి-తరగతి ఆంప్లిఫయరు నొకదానిని ఎన్నుకొంటిమి. ఈ తరగతి యంత్రములు తీసికొను విద్యుత్తులో సుమారు నూటికి 80 పాళ్ళు ధ్వనికి ఇచ్చును. పాతకాలపు ఏ.బి. తరగతిలో సుమారు సగము వేడిగా పోవును. 300 వాట్ల వద్ద ఒకటి 75 వాట్లు, మరియొకటి 300 వాట్లు వేడి పుట్టించునన్నమాట. మా పడమటి కర్నూలు వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు పొయ్యివలె నుండును. అట్టిచోట ఈ తేడా చిన్నది కాదు. పైగా డి-తరగతి యంత్రము చిన్నది. ముందు సీటు క్రింద ఇమిడినది. దానిపై తివాచీ కప్పలేదు. చుట్టును గాలి ఆడునట్లు విడిచితిమి. సబ్‌వూఫరులో నాలుగేసి ఓముల తీగచుట్టలు రెండున్నవి. వానిని సమాంతరముగా కలిపినచో 2 ఓములు, వరుసగా కలిపినచో 8 ఓములు అగును. ఆంప్లిఫయరు ఎన్ని ఓముల వరకు భరించునో చూచి, అంతకు తగ్గకుండ కలుపవలెను.

పాత వైరు తీయుటకు తివాచీ ఎత్తిన దినమును మేము మరువలేము. బ్యాటరీ నుండి వచ్చు వైరు, ఇంజనునకు లోపలి గదికి నడుమనున్న ఇనుపరేకు రంధ్రము గుండ రబ్బరు బుష్షు లేకయే దూర్పబడియుండెను. రేకు అంచు దాని తొడుగును కోసివేసినది. రాగితీగ కనబడుచుండెను, దాని ప్రక్క రేకుపై గోరంత నల్లమచ్చ. బ్యాటరీ చెంత ఫ్యూజు లేదు. ఉన్న ఒక్క ఫ్యూజు అవతలి కొన, ఆంప్లిఫయరు వద్ద నున్నది. ఆ వైరు పోయిన దారి మీదనే మా తల్లిగారి సీటు. ఎవరు బిగించిరన్నది ఇప్పుడు అప్రస్తుతము. ఇన్నేండ్లు చూడకుండ ఊరకుండిన తప్పు మాది.

ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడుటకని పలువురు తలంతురు. ఆ పెద్ద ఫ్యూజు కాపాడునది వైరును. వైరు మధ్యలో బాడీకి తగిలినచో బ్యాటరీ వందల ఆంపియర్లను ఒక్కసారిగా దానిలో పారించును, తొడుగు అంటుకొనును. అవతలి కొననున్న ఫ్యూజు దానిని ఆపజాలదు. కావున ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరములోపల నుండవలెను.

వైరు లావు కూడ లెక్కించి కొనవలెను. 300 వాట్ల ధ్వనికి సుమారు 375 వాట్ల విద్యుత్తు, అనగా 27 ఆంపియర్లు కావలెను. మా కారులో బ్యాటరీ నుండి ఆంప్లిఫయరు వరకు నాలుగున్నర మీటర్లు. ఇండ్లలో వాడు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేసినచో దానిలోనే 0.85 వోల్టు నష్టపడి, 23 వాట్లు తివాచీ క్రింద వేడిగా మారును. 10 చదరపు మిల్లీమీటర్ల రాగివైరులో నష్టము 0.21 వోల్టు మాత్రమే. రాగిపూత పూసిన అల్యూమినియము వైరును రాగియని అమ్ముట కలదు. కొన గీకి చూచినచో లోపలి తెలుపు బయటపడును. మేము రాగివైరు వేసి, 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రంధ్రమునకు బుష్షు తొడిగించితిమి. భూమివైరును బాడీకి బిగించుచోట రంగు పూర్తిగా గీకి, మెరయు ఇనుముపై బిగించితిమి. పని మొదలిడుటకు ముందే బ్యాటరీ రుణధ్రువమును విప్పియుంచితిమని వేరుగ చెప్పనక్కరలేదు.

అన్నియు బిగించిన పిమ్మట శ్రుతి చేయవలెను. దీనికి మేము కనుగొనిన ఉపాయము రేడియో శ్రోతలకు ప్రీతి కలిగింపవచ్చును. రేడియోలో వార్తలు పెట్టితిమి. పురుషకంఠపు అడుగుస్వరము సామాన్యముగా సెకనుకు 85 కంపనములకు పైననే యుండును. కావున వార్తలు చదువునపుడు సబ్‌వూఫరు దాదాపు మౌనముగా నుండవలెను. చదువరి కంఠము కుండలోనుండి వచ్చినట్లున్నచో క్రాస్‌ఓవరు హెచ్చుగా నున్నదన్నమాట. దానిని తగ్గించుచు 80 వద్దకు తెచ్చితిమి, కంఠము స్వచ్ఛమాయెను. తరువాత పాట పెట్టి, డోలు దెబ్బ వెనుకనుండి గాక పాటతోపాటు ముందునుండి వచ్చినట్లు తోచువరకు గెయిన్ మరను మెల్లగా త్రిప్పితిమి. గెయిన్ అన్నది ధ్వనిని పెంచు మర కాదు. రేడియో ఇచ్చు సంకేతమునకు ఆంప్లిఫయరును జతపరచునది. దానిని చివరివరకు త్రిప్పుటచేతనే పెక్కు సబ్‌వూఫర్ల తీగచుట్టలు మాడిపోవుచున్నవి. కడపట నంబరు పలక వెనుకను, డిక్కీ తలుపు లోపలను మెత్తని పట్టీలు అంటించి రేకుల చప్పుడు మాన్పితిమి.

పనియంతయు ముగియకముందు మేనల్లుడు, "మామా, ఇంత చిన్న పెట్టెలో ఏం పలుకుతాది?" అని సందేహించెను. పలికిన తరువాత ఆ ప్రశ్న మరల వేయలేదు. ఇది 12 అంగుళముల పెద్దపెట్టెతో సమానమని మేము చెప్పము. బిగ్గరతనమున దానికి లోబడినదే. స్పష్టతలో మాత్రము పాతదానికంటె ఎంతయో మేలు. మాకు కావలసినదియు అంతియే.

ఎందుకనగా కారులోని బిగ్గరతనమునకు హద్దు అవసరము. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్లను హద్దుగా చెప్పుచున్నది. ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలము సగమగును. 95 డెసిబెల్ల వద్ద వారమునకు మిగులునది గంటంబావు మాత్రమే. చెడిన చెవి మరల రాదు. వెనుకనుండి వచ్చు అంబులెన్సు కూత వినబడకపోవుట మరియొక ప్రమాదము. గంభీరధ్వని గోడలను సులభముగా దాటును. మగ్గపు గుంటలో కూర్చున్న నేతగానికి, పరీక్షకు చదువుకొను పిల్లవానికి, జబ్బుపడి పండుకొన్నవారికి మన పాట మోతయే. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దుగా విధించినవి. ఊరు చేరగానే అద్దములు దించి మోత పెంచువారు ఇది జ్ఞాపకముంచుకొందురు గాక.

మరునెల కర్నూలు ప్రయాణమున చక్రాల కుర్చీ డిక్కీలో దాని చోటున ఉండెను. మా తల్లిగారు తమ చోటున ఉండిరి. కోడుమూరు దాటినంతనే పాత పాట యొకటి రేడియోలో వచ్చినది. ఆమె కొంతసేపు విని, "పెట్టె తీసేసినారా?" అని అడిగిరి. ఉన్నదని చెప్పితిమి. "అట్లయితే ఉండనీండి" అనిరి.

ఇరుకు చోట యంత్రములు మార్చుకొనదలచువారికి మా మనవి ఇది. ముందు చోటును కొలువుడు. ఆ చోటునకు తగిన పెట్టె, పెట్టెకు తగిన స్పీకరు, స్పీకరునకు తగిన ఆంప్లిఫయరు, ఆంప్లిఫయరునకు తగిన వైరు, వైరునకు తగిన ఫ్యూజు, ఈ వరుసలో కొనుడు. పాత బిగింపు ఉన్నవారు రేపే ఒకసారి తివాచీ ఎత్తి, వైరును, ఫ్యూజును చూచుకొనుడు. పాట కొరకు కాకపోయినను, ఆ సీటుపై కూర్చుండువారి కొరకైనను చూచుకొనుడు.